ఇల్లు కట్టే లెక్కలో చేతుల లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెంటిలోనూ మనిషిని అలసటపరిచేది ఖర్చు ఒక్కటే కాదు. కావలసిన మనుషులు, కావలసిన సరుకులు, కావలసిన డబ్బు ఒకేచోట, ఒకే రోజున కుదరకపోవడమే అసలు కష్టం. మేస్త్రీ వచ్చిన రోజున ఇసుక ఉండదు. ఇసుక దిగిన రోజున మేస్త్రీ మరో ఊళ్లో ఉంటాడు. ఇద్దరూ కుదిరిన రోజున వాన పడుతుంది.

గంజాం తీరంలోని తెలుగు పల్లెలకు ఈ కష్టం కొత్త కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం సమీపంలో తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలికి పూరిళ్లు, పెంకుటిళ్లు కూలిపోయాయి. ముందుగానే లక్షలాది జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్ల ప్రాణనష్టం చాలావరకు తప్పింది, కాని ఇళ్లు మిగలలేదు. ఆ తరువాత ఒడిశా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఆధ్వర్యంలో, ప్రపంచ బ్యాంకు రుణసాయంతో, తీర గ్రామాల్లో వేల సంఖ్యలో పక్కా ఇళ్ల నిర్మాణం మొదలైంది. లబ్ధిదారులే తమ ఇంటిని దగ్గరుండి కట్టించుకోవడం, పని ఒక్కో దశ దాటినప్పుడల్లా సొమ్ము విడతలుగా అందుకోవడం ఆ పథకం పద్ధతి.

ఒక వీధిలో ఒక ఇల్లు కట్టడం ఒక సంగతి, అదే వీధిలో ముప్పై ఇళ్లకు ఒకేసారి పునాది తీయడం మరో సంగతి. ఊళ్లో ఉన్న తాపీమేస్త్రీలు ఎందరో, వారిని ఏ రోజున ఏ ఇంటికి పంపాలో ముందుగా తేల్చుకోకపోతే ముప్పై ఇళ్లూ సగంలోనే నిలిచిపోతాయి. ఈ తేల్చుకోవడాన్నే నిర్మాణరంగంలో కాలానుగుణంగా వనరులను కేటాయించడం అంటారు. పెద్ద ఓడరేవులు, రహదారులు కట్టే సంస్థలు ఇందుకోసం కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడతాయి. అందులోని సూత్రం మాత్రం పల్లెటూరి కుటుంబానికి కూడా అందుబాటులో ఉన్నదే.

తేదీల పట్టిక ఎందుకు చాలదు?

పనులను అడ్డగీతలుగా గీసి, ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూపే పటాన్ని గాంట్ చార్టు అంటారు. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910ల్లో దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకు ముందే, 1896లో, పోలండుకు చెందిన కరోల్ అడమియెట్‌స్కీ ఇటువంటి పటమే రూపొందించాడు. పటంలో ఎడమవైపు పనుల పేర్లు, పైన తేదీలు, మధ్యలో గీతలు ఉంటాయి. చదువుకున్నవారైనా కానివారైనా ఒక్క చూపులో గ్రహించగలరు.

1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల నిపుణులు దీనికి మరో అడుగు జోడించారు. ఏ పని ముగిశాకే ఏ పని మొదలుకావాలో గొలుసుకట్టుగా రాసుకుంటే, అన్నిటికన్నా పొడవైన గొలుసు ఏదో తెలుస్తుంది. ఆ గొలుసులో ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం పని ఒక్కరోజు ఆలస్యమవుతుంది. దానికి కీలకమార్గం అని పేరు. మరుసటి ఏడాది, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పథకానికి ఇలాంటిదే పెర్ట్ అనే పద్ధతిని వాడింది.

ఈ రెండు పద్ధతుల తొలి రూపంలోనూ ఒక లోటు ఉండేది. పనికి ఎందరు మనుషులు కావాలంటే అందరూ దొరుకుతారన్న ఊహ మీద ఆ లెక్కలు నడిచేవి. పునాది ముగిసిన మర్నాడే గోడలు మొదలుపెట్టవచ్చని గొలుసు చెబుతుంది. గోడ కట్టే మేస్త్రీ ఆ మర్నాడు పక్కింటి పనిలో ఉన్న సంగతి దానికి తెలియదు. చేతుల లెక్క లేని తేదీల పట్టిక అరచేతిలో వైకుంఠం చూపించడమే. ఈ లోటు తీర్చడానికి పుట్టినదే వనరుల సర్దుబాటు. నేటి సాఫ్ట్‌వేర్‌లలో దీనిని రిసోర్స్ లెవెలింగ్ అని పిలుస్తున్నారు.

మూడు ఇళ్లు, నలుగురు మేస్త్రీలు

ఊహించిన ఒక చిన్న ఉదాహరణతో ఈ సూత్రాన్ని చూద్దాం. ఒక వీధిలో మూడు కుటుంబాలు ఇళ్లు మొదలుపెడుతున్నాయి. ఊళ్లో దొరికే తాపీమేస్త్రీలు నలుగురు. ఒక్కో ఇంటికి పని ఈ విధంగా ఉందనుకుందాం.

పునాది: ఇద్దరు మేస్త్రీలకు 8 రోజులు.
గోడలు: ఇద్దరు మేస్త్రీలకు 10 రోజులు.
సెంట్రింగ్, కడ్డీలు, స్లాబు: ఇద్దరు మేస్త్రీలకు 6 రోజులు.
స్లాబుకు నీళ్లు పెడుతూ ఆగడం: 14 రోజులు. మేస్త్రీలతో పని లేదు.
ప్లాస్టరింగు, నేల: ఇద్దరు మేస్త్రీలకు 8 రోజులు.

ఈ అంకెలు లెక్క సులభంగా అర్థం కావడానికి తీసుకున్నవి. నేలను బట్టి, ఇంటి కొలతను బట్టి, ఇంజనీరు సూచనను బట్టి ఇవి మారుతాయి. పై లెక్క ప్రకారం ఒక ఇంటికి 46 రోజులు పడుతుంది. ముగ్గురూ ఒకే శుభముహూర్తాన శంకుస్థాపన చేస్తే, గొలుసు లెక్క ప్రకారం మూడు ఇళ్లూ 46వ రోజున పూర్తికావాలి.

ఇప్పుడు చేతులు లెక్కించాలి. మొదటి 24 రోజులు ఒక్కో ఇంటికి ఇద్దరు చొప్పున ఆరుగురు మేస్త్రీలు కావాలి. ఊళ్లో ఉన్నది నలుగురే. ఆ తరువాత 25 నుంచి 38వ రోజు వరకు మూడు ఇళ్లకూ నీళ్లు పెట్టే దశ కనుక ఒక్క మేస్త్రీతోనూ పని లేదు. 39 నుంచి 46 వరకు మళ్లీ ఆరుగురు కావాలి. అంటే కొన్నాళ్లు చాలినంత మంది లేక గొడవ, కొన్నాళ్లు అందరూ ఖాళీ, మళ్లీ గొడవ. సాఫ్ట్‌వేర్ ఈ పరిస్థితిని పటంగా గీసి చూపుతుంది. రోజుకు ఒక నిలువు కడ్డీ. ఉన్న మనుషుల సంఖ్య దగ్గర ఒక అడ్డగీత. కడ్డీ ఆ గీతను దాటితే ఎర్రరంగులో కనిపిస్తుంది. ఆ ఎరుపును పోగొట్టడమే సర్దుబాటు.

పట్టిక లేని ఊళ్లలో ఈ ఎరుపు మరో రూపంలో బయటపడుతుంది. మేస్త్రీ మూడు ఇళ్ల వద్దా బయానా పుచ్చుకుంటాడు, ఒక్కో ఇంట రెండేసి రోజులు పనిచేసి అందరినీ ఊరడిస్తాడు, ఏ ఇల్లూ ముందుకు సాగదు. తప్పు అతని గుణానిది అనిపిస్తుంది. చాలాసార్లు తప్పు లెక్కది.

మొదటి సర్దుబాటు

సర్దుబాటులో మొదటి పద్ధతి కొన్ని పనులను వెనక్కి జరపడం. మొదటి, రెండో ఇళ్లు 1వ రోజున మొదలవుతాయి. నలుగురు మేస్త్రీలూ 24వ రోజు వరకు అక్కడే ఉంటారు. 25వ రోజున ఆ రెండు ఇళ్లూ నీళ్లు పెట్టే దశకు చేరగా, ఇద్దరు మేస్త్రీలు మూడో ఇంటి పునాదికి వెళతారు. 39వ రోజున మొదటి ఇంటి ప్లాస్టరింగుకు మిగతా ఇద్దరు వెళతారు. రెండో ఇంటి ప్లాస్టరింగు అదే రోజున మొదలుపెడితే ఆరుగురు కావలసివస్తుంది కనుక దానిని 47వ రోజుకు జరపాలి.

ఇలా చేస్తే మొదటి ఇల్లు 46వ రోజున, రెండోది 54వ రోజున, మూడోది 70వ రోజున పూర్తవుతాయి. ఏ రోజూ నలుగురిని మించి మేస్త్రీలు అవసరం పడలేదు. 46 రోజులన్న కల 70 రోజులకు పెరిగింది, కాని 70 నిజంగా జరిగే లెక్క. సాఫ్ట్‌వేర్ మీట నొక్కితే సాధారణంగా వచ్చే జవాబు ఇటువంటిదే.

గంజాం రైతులకు ఈ సూత్రం మరో రూపంలో తెలిసినదే. 1866 నాటి దారుణ దుర్భిక్షం తరువాత, ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఋషికుల్య కాలువల వ్యవస్థ నిర్మాణమైంది. సురడ వద్ద, నాడు రసెల్‌కొండ అని పిలిచిన భంజనగర్ వద్ద జలాశయాలు కట్టారు. వానాకాలంలో అవసరానికి మించి వచ్చే నీటిని ఆపి, కరువైన వారాల్లో కాలువకు వదలడం జలాశయం చేసే పని. వరదను, ఎండుకాలువను రెంటినీ తగ్గించి ప్రవాహాన్ని సమం చేస్తుంది. మేస్త్రీల లెక్కలో సర్దుబాటు చేసేదీ ఇదే. అయితే ఒక తేడా ఉంది. నీటిని నిల్వ చేయవచ్చు, మనిషి రోజును నిల్వ చేయలేము. ఈ రోజు ఖాళీగా కూర్చున్న మేస్త్రీ శ్రమ రేపటికి మిగలదు.

ఖాళీ రోజుల్లో దాగిన పదమూడు రోజులు

పై పట్టికను మళ్లీ పరిశీలిస్తే, 25 నుంచి 38వ రోజు వరకు ఇద్దరు మేస్త్రీలు ఖాళీగా ఉన్నారు. ఆ ఇద్దరిని కూడా మూడో ఇంటికి పంపితే ఏమవుతుంది?

నలుగురు పనిచేస్తే పునాది 8 రోజుల బదులు 4 రోజుల్లో, అంటే 28వ రోజుకు ముగుస్తుంది. గోడలు 10 రోజుల బదులు 5 రోజుల్లో, 33వ రోజుకు ముగుస్తాయి. స్లాబు పని మనుషులు పెరిగినంత మాత్రాన సగానికి తగ్గదు. చెక్కలు బిగించాలి, కడ్డీలు కట్టాలి, ఒకదాని తరువాతే ఒకటి. కాబట్టి దానిని 6 రోజులుగానే ఉంచి, 39వ రోజుకు పూర్తవుతుందని లెక్కించాలి. 53వ రోజు వరకు నీళ్లు పెట్టాలి. ఈలోగా మొదటి ఇంటి ప్లాస్టరింగు 39న మొదలై 46న, రెండో ఇంటిది 40న మొదలై 47న ముగుస్తాయి. 54వ రోజున నలుగురూ మూడో ఇంటికి చేరితే ప్లాస్టరింగు 4 రోజుల్లో, 57వ రోజుకు పూర్తవుతుంది.

కొత్తగా మేస్త్రీని తేలేదు, కూలి రేటు పెంచలేదు. ఉన్న నలుగురినే ఖాళీ రోజుల్లో సరైన ఇంటికి పంపినందుకు 70 రోజులు 57 అయ్యాయి. రెండో ఇల్లు కూడా ఏడు రోజులు ముందుకు వచ్చింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, మనుషులను రెట్టింపు చేస్తే రోజులు సగమవుతాయన్న సూత్రం సాఫ్ట్‌వేర్ లెక్కకు సులభమే గాని, ఇరుకైన ఇంట్లో నలుగురు మేస్త్రీలు ఒకరికొకరు అడ్డం వస్తారు. నలుగురికి సరిపడా ఇటుకలు, మాలు అందించే కూలీలు కూడా ఉండాలి. కాబట్టి 5 రోజుల గోడపని 6 రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. రెండోది, ఎందరు మనుషులు వచ్చినా సిమెంటు గట్టిపడే కాలం తగ్గదు. తొందరపడి స్లాబు కింది కర్రలు ముందుగా తీయడం, నీళ్లు పెట్టడం మానేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తుపాను గాలికి నిలబడే బలం ఆ నీళ్లు పెట్టిన రోజుల నుంచే వస్తుంది.

స్లాబు పోసే రోజు మరో చిన్న పాఠం నేర్పుతుంది. ఆ ఒక్కరోజుకు కాంక్రీటు కలిపే యంత్రం, పదిహేను ఇరవై మంది కూలీలు కావాలి. రెండు ఇళ్ల స్లాబులు ఒకేరోజు పెట్టుకుంటే యంత్రాలు రెండు, కూలీలు రెట్టింపు. ఒకటి 23న, మరొకటి 24న పెట్టుకుంటే ఒకే యంత్రం, ఒకే బృందం చాలు. ఒక్కరోజు జరపడం వల్ల అవసరం సగమైంది.

పంచాంగంలోకి దించితే

ఇంతవరకు 1వ రోజు, 57వ రోజు అని లెక్కించాము. ఇప్పుడు వీటిని అసలు తేదీల్లోకి దించాలి. తీర గ్రామాలకు ఈ మెట్టు అన్నిటికన్నా ముఖ్యం.

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ తీరాల్లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటపై నిషేధం అమలవుతుంది. చిన్న సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నా, పెద్ద పడవల మీద పనికి వెళ్లేవారు ఆ రోజుల్లో ఇంటిపట్టున ఉంటారు. ఇటుకలు మోయడానికి, నీళ్లు పెట్టడానికి అప్పుడు ఇంటి మనుషులే దొరుకుతారు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు అమలయ్యే ఆంక్షలు అక్కడి కుటుంబాల పట్టికను మరికొంత మారుస్తాయి.

ఏప్రిల్ 15ను 1వ రోజుగా తీసుకుంటే 57వ రోజు జూన్ 10. 70వ రోజు జూన్ 23. దక్షిణ ఒడిశాకు నైరుతి ఋతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారం ప్రాంతంలో చేరుకుంటాయి. వేట నిషేధం 61వ రోజుతో ముగిసి, ఇంటి మనుషులు సముద్రానికి వెళ్లిపోతారు. కాగితం మీద పదమూడు రోజుల తేడా, ఆచరణలో వానకు ముందు ఇల్లు పూర్తికావడమా, వానలో గోడలు తడవడమా అన్న తేడా.

ఈ లెక్కలో మేస్త్రీలకు సెలవులు లేవు. వారానికి ఒకరోజు సెలవు కలిపితే పని మరో వారం వరకు సాగి జూన్ నడిమికి చేరుతుంది. ఆ రోజుల్లోనే ఒడియా కుటుంబాలకు రజ సంక్రాంతి వస్తుంది. ఆ మూడు రోజులు భూమిని తవ్వరాదన్నది ఆచారం. అంటే పునాది తీసే పని ఆ రోజుల మీద పడకూడదు, ఒడియా కూలీలూ ఆ రోజుల్లో దొరకరు. రెండేళ్లకోసారి చైత్రమాసంలో జరిగే బరంపురం ఠాకురాణి జాతర ఏడాదిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో పట్నంలో మనుషుల లభ్యత మారుతుంది. సరిహద్దుకు ఇవతల సంక్రాంతికి ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చే మేస్త్రీలు ఊళ్లకు వెళతారు. రెండు భాషల పల్లెకు రెండు పంచాంగాలు. పట్టికలో రెండూ ఉండాలి. సూరత్ మరమగ్గాల పనికి వెళ్లిన కుమారుడు ఏ నెలలో సెలవు మీద వస్తాడన్నదీ అందులో చేర్చవలసిందే.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి రిసోర్స్ క్యాలెండర్ అని పేరు. ప్రతి మనిషికి, ప్రతి బృందానికి విడివిడిగా ఏ రోజులు పని, ఏ రోజులు సెలవు అన్నది నింపుతారు. ఆ తరువాత లెక్క దానంతట అదే ఆ రోజులను దాటవేస్తుంది.

ఇవన్నీ చేర్చి చూస్తే, పై ఉదాహరణలోని మూడు కుటుంబాలు ఏప్రిల్ 15 కోసం ఆగకుండా మార్చి చివర్లోనే పునాది తీయడం మంచిదని తేలుతుంది. రెండు వారాల వెసులుబాటు చేతిలో ఉంటుంది. పునాదికి కావలసింది ప్రధానంగా మేస్త్రీలు, తవ్వేవారు. ఇంటి మనుషుల అవసరం గోడల నుంచి ఎక్కువవుతుంది.

మరో రకంగా, చివరి నుంచి వెనక్కి కూడా లెక్కించవచ్చు. 1999 అక్టోబరు 17న గోపాలపురం ప్రాంతాన్ని తాకిన తుపాను, 2013 అక్టోబరు 12 నాటి ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి సెప్టెంబరు ముగిసేసరికి ఇంటిపైన కప్పు గట్టిపడి ఉండాలన్నది దాటరాని గడువు. ఆ గడువు నుంచి నీళ్లు పెట్టే రోజులు, స్లాబు రోజులు, గోడల రోజులు, వాన వల్ల పోయే రోజులు ఒక్కొక్కటిగా తీసివేస్తే, ఏ తేదీ దాటాక ఈ ఏడాది ఇల్లు మొదలుపెట్టకూడదో తెలుస్తుంది. మొదలుపెట్టకూడని తేదీ తెలియడం కూడా లాభమే.

సరుకుకూ ఒక గడియారం ఉంది

మనుషులు రోజుల లెక్కన ఖర్చవుతారు, సరుకు కొలత లెక్కన ఖర్చవుతుంది. సాఫ్ట్‌వేర్‌లు ఈ రెంటినీ వేరువేరు వనరులుగా నమోదు చేస్తాయి. సిమెంటు తక్కువ ధరకు వచ్చిందని మూడు ఇళ్లకూ కావలసిన బస్తాలన్నీ ఒకేసారి తెచ్చి పేర్చితే, సముద్రపు తేమకు అవి గడ్డకడతాయి. మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటుకు బలం తగ్గుతుంది. పట్టిక ప్రకారం పునాదికి, గోడలకు, స్లాబుకు వేరువేరుగా తెచ్చుకోవడం మేలు.

ఇసుక సంగతి ఇందుకు భిన్నం. వరద వచ్చాక నదిలో ఇసుక తీయడం సాధ్యం కాదు. కాబట్టి ఇసుకను ముందుగా తెచ్చుకొని, సిమెంటును అవసరానికి తెచ్చుకోవాలి. సమీపంలో దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుకను కాంక్రీటులో వాడరాదు. అందులోని ఉప్పు లోపలి ఇనుప కడ్డీలను తుప్పు పట్టిస్తుంది.

డబ్బుకూ ఇదే సూత్రం. దశలవారీగా సొమ్ము అందే పథకంలో ఒక దశ పూర్తయ్యాక తనిఖీ జరిగి, తరువాతి విడత ఖాతాలో పడేవరకు కొన్ని రోజులు పడతాయి. ఆ రోజులను కూడా పట్టికలో ఒక గీతగా గీయాలి. చాలా కుటుంబాలు గోడలు పూర్తయిన మర్నాడే సెంట్రింగు మొదలవుతుందని ఊహించి, విడత రాక, మేస్త్రీని ఆపలేక, అధిక వడ్డీకి అప్పు చేస్తాయి. విడత కోసం ఆగే రోజుల్లో మేస్త్రీలను పక్కింటికి పంపేలా ఇరుగుపొరుగు ముందే మాట్లాడుకుంటే ఆ అప్పు తప్పుతుంది. ఒకరి నిరీక్షణ మరొకరి పనిదినం అవుతుంది.

ఎవరి ఇల్లు ముందు?

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, ప్రైమవెరా వంటి సాఫ్ట్‌వేర్‌లు పెద్ద సంస్థల్లో వాడుకలో ఉన్నాయి. గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రే వంటివి ఉచితంగా దొరుకుతాయి. బరంపురంలో ఇంజనీరింగు, పాలిటెక్నిక్ చదివే పల్లె పిల్లలకు వీటిని నేర్చుకోవడం కష్టం కాదు. అయితే ఈ సాఫ్ట్‌వేర్ ఏది తేల్చగలదో, ఏది తేల్చలేదో పెద్దలు గ్రహించాలి.

ఇద్దరికి ఒకే మేస్త్రీ కావలసివచ్చినప్పుడు ఎవరిని ఆపాలన్నది సాఫ్ట్‌వేర్ కొన్ని నియమాల ప్రకారం నిర్ణయిస్తుంది. ఏ పనికి వెసులుబాటు రోజులు ఎక్కువ ఉన్నాయో దానిని వెనక్కి జరుపుతుంది. అంతకు మించి, ప్రాధాన్య సంఖ్య అని ఒకటి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో అది 0 నుంచి 1000 వరకు ఉంటుంది. ఏమీ నింపకపోతే 500గా తీసుకుంటుంది. పెద్ద సంఖ్య ఉన్న పని నిలుస్తుంది, చిన్న సంఖ్య ఉన్నది ఆగుతుంది.

ఆ సంఖ్యను నింపేది మనిషి. పై ఉదాహరణలో 46వ రోజున ఇంట్లో చేరే కుటుంబం ఏది, 57వ రోజు వరకు టార్పాలిన్ కింద ఉండే కుటుంబం ఏది అన్నది గణితం చెప్పదు. పసిపిల్లలున్న ఇల్లా, భర్తను కోల్పోయిన స్త్రీ ఇల్లా, మేస్త్రీకి ముందుగా బయానా ఇచ్చిన ఇల్లా, సర్పంచికి దగ్గరివారి ఇల్లా? పట్టిక లేనప్పుడు ఈ నిర్ణయం గొంతు పెద్దగా ఉన్నవారి వైపు జరుగుతుంది. పట్టిక ఉన్నప్పుడు కూడా అదే జరగవచ్చు, కాని అందరికీ కనిపించేలా జరుగుతుంది. ఎవరిని ఎందుకు ఆపారో అడగడానికి వీలుంటుంది. ఆగే కుటుంబానికి తన వంతు తేదీ ముందుగా తెలుస్తుంది. ఎప్పుడో అన్న మాటకూ, జూన్ 10 అన్న మాటకూ మధ్య ఉన్న దూరం గూడు లేనివారికే తెలుసు.

సముద్రకోత వల్ల పాత ఊరు వదిలి కొత్త కాలనీకి మారిన పొడంపేట వంటి గ్రామాలు ఈ తీరంలో ఉన్నాయి. తీరం వెంట కోత ఆగలేదు. రేపు మరో వీధి కదలవలసి వచ్చినప్పుడు ఎవరి ఇల్లు ముందు అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. దానికి సమాధానం ఊరంతా కూర్చొని ముందే చెప్పుకోవడం మంచిది.

కంప్యూటర్ లేకపోయినా

గళ్ల నోటు పుస్తకంలో ఒక కాగితం, రెండు రంగుల పెన్సిళ్లు చాలు. ఒక గడి ఒక రోజు. ఎడమవైపు పనుల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో రాయాలి. ప్రతి పనికి ఎన్ని రోజులో అన్ని గళ్లు నింపి, ప్రతి గడిలో కావలసిన మేస్త్రీల సంఖ్య వేయాలి. ప్రతి నిలువు వరుసను కూడి అడుగున మొత్తం రాయాలి. ఊళ్లో ఉన్న మేస్త్రీల సంఖ్యను మించిన మొత్తం చుట్టూ ఎర్రగా సున్న చుట్టాలి. ఆ తరువాత ఎరుపు పోయేవరకు, ఆగగలిగిన పనులను కుడివైపుకు జరుపుతూ పోవాలి. ఎక్కడ మొత్తం మరీ తక్కువగా ఉందో చూసి, అక్కడికి మరో ఇంటి పని తేవాలి. కూడికలు వచ్చిన ఆరో తరగతి బాలిక అయినా ఈ పని చేయగలదు.

పట్టిక గీయగానే బాధ్యత తీరదు. వారానికోసారి జరిగిన పనిని దానిమీద గుర్తుపెట్టి, మిగిలిన పనిని మళ్లీ సర్దాలి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఒక మేస్త్రీకి జ్వరం వస్తుంది, లారీ ఆలస్యమవుతుంది, అల్పపీడనం ఏర్పడుతుంది. అప్పుడు పాత పట్టికను చించివేయవలసిన పని లేదు. ఏ పని ఆగితే ఎవరి ఇల్లు ఎన్ని రోజులు వెనకబడుతుందో అది చూపిస్తుంది, ఎక్కడి నుంచి ఒక మనిషిని తెచ్చుకోవచ్చో సూచిస్తుంది.

ఇంటి స్థలం, పథకం సొమ్ము ప్రభుత్వం చేతిలో ఉన్నవి. వానలు, తుపానులు ఎవరి చేతిలోనూ లేవు. ఊళ్లో ఉన్న నలుగురు మేస్త్రీలు ఏ రోజున ఎవరి గోడ దగ్గర నిలబడాలన్నది మాత్రం ఊరి చేతిలోనే ఉంది. వచ్చే వేసవికి ఇల్లు మొదలుపెట్టదలచిన కుటుంబాలు మాఘమాసంలోనే ఇరుగుపొరుగును పిలిచి, మేస్త్రీని కూడా పక్కన కూర్చోబెట్టుకొని, ఆ గళ్ల కాగితాన్ని నింపడం మొదలుపెట్టవచ్చు.